జీరో వేరు, నల్ వేరు

మా పనిలో ఒక అలవాటుంది. డేటాలో ఏదైనా ఒక్కసారే కనిపించిందంటే "ఏదో చెత్త ఎంట్రీ అయ్యుంటుంది, తీసెయ్" అంటాం. నేనూ బోలెడన్ని తీసేశాను. ఈ పిట్ట కథ తెలిశాక మాత్రం డిలీట్ కొట్టేముందు కాస్త ఆగుతున్నాను.

1984 మే నెల. పోర్ట్ సూడాన్‌కి ఈశాన్యంగా, ఎర్రసముద్రంలో సంగనేబ్ అనే పగడపు దిబ్బ ఉంది. దాని మీదో లైట్‌హౌస్. అక్కడ ఒక చిన్న పిట్ట చచ్చిపడి దొరికింది. మనవాళ్ళు వానకోయిల అంటారే, ఆ స్వాలోల కుటుంబానిదే. వీపు, గొంతు నలుపు కలిసిన నీలం, గడ్డం దగ్గర చిన్న తెల్లమచ్చ, తోకకి పైభాగం బూడిదరంగు, పొట్ట తెలుపు. తెలిసిన ఏ జాతితోనూ సరిపోలేదు. 1985లో ఫ్రై, స్మిత్ అనే ఇద్దరు దీన్ని కొత్త జాతిగా ప్రకటించి హిరుండో పెర్డిటా అని పేరుపెట్టారు; ఇప్పుడు పెట్రోకెలిడాన్ పెర్డిటా అంటున్నారు. లాటిన్‌లో పెర్డిటా అంటే తప్పిపోయినది. వాడుకలో రెడ్ సీ స్వాలో.

అంతే! నలభై ఏళ్ళు దాటినా బతికున్నదాన్ని ఖాయంగా చూసినవాళ్ళు లేరు. దీని దగ్గరి చుట్టాలు కొండచరియలకీ, వంతెనల కిందా మట్టిముద్దలతో గుంపులుగా గూళ్ళు కట్టుకుంటాయి. మన దేశంలో వంతెనల కింద కనబడే చారల గొంతు స్వాలో కూడా ఆ చుట్టాల్లోదే. అందుకని ఇదీ ఎర్రసముద్రం ఒడ్డు కొండల్లో, సూడాన్‌లోనో ఎరిత్రియాలోనో కాపురముంటుందని ఒక ఊహ. ఇథియోపియాలో ఇలాంటివే కొన్ని కనబడ్డాయి గానీ, అవి ఇవేనని తేలలేదు.

ఐయూసీఎన్ జాబితాలో దీని పక్కన "డేటా డెఫిషియెంట్" అని ఉంటుంది. నాకు తెగ నచ్చింది ఇదే. ఉందని అనలేదు, అంతరించిందనీ అనలేదు. జీరో వేరు, నల్ వేరు కదండీ! అక్కడ జీరో రాసేస్తే ఇక వెతికేవాళ్ళుండరు. అసలే 2023లో సూడాన్‌లో యుద్ధం మొదలయ్యాక ఆ కొండల్లో తిరగడం ఇంకా కష్టమైంది.

ఎవరో ఆ చచ్చిన పిట్టని సముద్రంలోకి విసిరేసి ఉంటే, తప్పిపోయిందన్న సంగతి కూడా మనకి తెలిసేది కాదు. ఒక్క రికార్డే కావచ్చు. కానీ అది అబద్ధం కాదు.