పేదల ఇళ్ల పథకాలు: కేంద్ర, రాష్ట్ర సంబంధాలు

భారతదేశంలో పేదల ఇళ్ల పథకాలు చాలావరకు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల ఉమ్మడి ఖర్చుతో నడుస్తాయి. రాజ్యాంగం ఏడో షెడ్యూలు ప్రకారం భూమి రాష్ట్రాల జాబితాలోని అంశం. ఇంటి స్థలం చూపాల్సిందీ, కాలనీకి రోడ్డు, నీళ్లు, కరెంటు తేవాల్సిందీ రాష్ట్రమే. కేంద్రం బలమంతా నిధుల్లో ఉంది. ప్రజా ప్రయోజనం కోసం తన శాసనాధికారం లేని అంశానికి కూడా గ్రాంటు ఇచ్చే వీలును 282వ అధికరణం కల్పించింది. ఆ నిధులతో పాటే షరతులూ వస్తాయి.

1952లో పారిశ్రామిక కార్మికుల గృహ పథకంతో కేంద్ర సాయం మొదలైంది. గ్రామీణ ఉపాధి పథకంలో భాగంగా 1985లో పుట్టిన ఇందిరా ఆవాస్ యోజన 1996లో విడి పథకమైంది. ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణాల్లో 2015లో, గ్రామాల్లో 2016లో వచ్చింది.

గ్రామీణ పథకంలో మైదాన ప్రాంతపు ఇంటికి ఇచ్చేది రూ.1.20 లక్షలు. ఖర్చు వాటా 60:40. ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలకు 90:10. అంటే మన ప్రాంతంలో కేంద్రం ఇచ్చేది రూ.72 వేలే. ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లు ఉండాలి. ఈ డబ్బుతో గోడలు లేచి స్లాబు పడటం కష్టమని ఏ తాపీమేస్త్రీని అడిగినా చెబుతాడు. తక్కువ పడినది రాష్ట్రమైనా భరించాలి, లబ్ధిదారైనా అప్పు తేవాలి. ఈ ఏర్పాటులో అసలు లోపం ఇదే.

పట్టణ పథకంలో కేంద్ర సాయం రూ.1.50 లక్షలు. ఈ తేడా ఆంధ్రప్రదేశ్‌కు ఎంతో కీలకమైంది. పట్టణాభివృద్ధి సంస్థల పరిధిలోకి వచ్చిన ఊళ్లకు కూడా ఆ సాయం అందే అవకాశం ఏర్పడింది. 2020 డిసెంబరులో పట్టాలు పంచి చేపట్టిన ఇళ్లకు నిర్ణయించిన రూ.1.80 లక్షల్లో పెద్ద భాగం అలా వచ్చిందే. తెలంగాణ మరో దారి పట్టింది. 2015లో 560 చదరపు అడుగుల రెండు పడక గదుల ఇంటికి గ్రామాల్లో రూ.5.04 లక్షలు ఖరారు చేసి, ఉచితంగా కట్టించి ఇస్తామంది. ఇల్లు మెరుగే, కానీ అడిగినవారందరికీ చాలలేదు. 2024 మార్చిలో భద్రాచలంలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకం సొంత జాగా ఉన్నవారికి రూ.5 లక్షలు ఇస్తోంది.

లబ్ధిదారుల జాబితా మరో చిక్కు. గ్రామీణ పథకానికి 2011 సామాజిక, ఆర్థిక, కుల గణనను ఆధారం చేసుకున్నారు. పేర్లను గ్రామసభ సరిచూస్తుంది. గణన తర్వాత వేరుపడ్డ కుటుంబాలు అందులో లేకపోవడంతో అదనపు సర్వే చేయాల్సి వచ్చింది.

పేరు మీదా పేచీలున్నాయి. తన గృహ పథకం లైఫ్ మిషన్ కింద రూ.4 లక్షలు ఇచ్చే కేరళ, ఇళ్లపై కేంద్ర పథకం ముద్ర వేయాలన్న షరతును ఒప్పుకోలేదు. పశ్చిమ బెంగాల్ పథకం పేరునే మార్చుకుంది. లబ్ధిదారుల ఎంపికలో అవకతవకలు జరిగాయంటూ కేంద్రం 2022 నుంచి ఆ రాష్ట్రానికి నిధులు ఆపింది. 2024 డిసెంబరు నుంచి అక్కడి ప్రభుత్వం రూ.1.20 లక్షలనూ సొంత ఖజానా నుంచే వాయిదాల్లో చెల్లిస్తోంది.