ఆస్ట్రా (భారతీయ విజ్ఞాన సంస్థ)

ఆస్ట్రా అనునది బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో 1974లో ప్రారంభమైన పరిశోధనా విభాగము. "అప్లికేషన్ ఆఫ్ సైన్స్ అండ్ టెక్నాలజీ టు రూరల్ ఏరియాస్" అను ఆంగ్ల నామములోని మొదటి అక్షరాల కూర్పే ఈ పేరు. గ్రామీణ ప్రాంతాలకు విజ్ఞాన శాస్త్రాన్ని, సాంకేతికతను అన్వయించుట దీని ఉద్దేశము. తరువాతి కాలంలో ఇదే సుస్థిర సాంకేతికతల కేంద్రముగా రూపాంతరం చెందినది. పొగ తక్కువగా వచ్చే పొయ్యిలు, గోబర్ గ్యాసుతో విద్యుత్తు, తక్కువ ఇంధనంతో గృహ నిర్మాణము ఈ విభాగం చేపట్టిన ముఖ్య రంగాలు. వీటిలో గృహ నిర్మాణ పరిశోధన, ముఖ్యంగా స్థిరీకరించిన మట్టి ఇటుకలపై జరిగిన కృషి, భారతదేశంలో పర్యావరణ అనుకూల నిర్మాణ విద్యకు పునాది వేసిన వాటిలో ఒకటిగా చెప్పుకోవచ్చును.

నేపథ్యము

భారతదేశంలో గోడలకు అత్యధికంగా వాడే పదార్థము కాల్చిన ఇటుక. ఇటుకను బట్టీలో సుమారు 900 నుండి 1000 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత వరకు కాల్చవలసి ఉంటుంది. ఇందుకు బొగ్గు, కట్టెలు, ఊక వంటి ఇంధనాలు పెద్ద మొత్తంలో ఖర్చవుతాయి. ఇటుకకు కావలసిన మట్టిని సాధారణంగా పంట పొలాల పై పొర నుండి తీస్తారు. ఆ పొర మరల ఏర్పడుటకు ఎన్నో ఏళ్ళు పడుతుంది. కనుక ఇటుక బట్టీ ఒకేసారి రెండు వనరులను తినివేస్తున్నదని పరిశోధకులు గుర్తించారు. ఒకటి వంటచెరకు, రెండవది సాగు నేల.

మరొక ప్రక్క గ్రామాలలో తరతరాలుగా మట్టి గోడల ఇండ్లు ఉన్నాయి. ఇవి ఖర్చు లేనివి, వేసవిలో చల్లనివి. అయితే వర్షానికి కరగుట, చెదలు పట్టుట, ఏటేటా మరమ్మతు చేయవలసి రావడము వీటి లోపాలు. మట్టి ఇంటికి ఉన్న ఈ లోపాన్ని తొలగిస్తే బట్టీ అవసరము తగ్గుతుందా అన్నది ఆస్ట్రా పరిశోధకుల ముందున్న ప్రశ్న.

మట్టిలో సిమెంటు కలిపి గట్టిపరచుట ఆస్ట్రాతో మొదలైనది కాదు. 1940వ దశకపు చివరలో నేటి హర్యానాలోని కర్నాల్ ప్రాంతంలో సిమెంటు కలిపిన మట్టిని దిమ్మిసతో కొట్టి ఇండ్లు కట్టారు. 1950వ దశకంలో కొలంబియా దేశంలో సిన్వా-రామ్ అను చేతి యంత్రము రూపొందినది. మట్టిని అచ్చులో పోసి మీట సాయంతో అదుముట దీని పద్ధతి. ఇది అనేక దేశాలకు వ్యాపించినది. భారతీయ నేలలకు, పనివారికి, ధరలకు తగినట్లు ఈ పద్ధతిని శాస్త్రీయంగా తీర్చిదిద్దుట ఆస్ట్రా ప్రత్యేకత.

స్థాపన

ఆస్ట్రాకు రూపకల్పన చేసినవాడు అమూల్య కుమార్ ఎన్. రెడ్డి (1930 - 2006). ఈయన విద్యుత్ రసాయన శాస్త్రవేత్త. జాన్ బాక్రిస్‌తో కలిసి రచించిన "మోడరన్ ఎలక్ట్రోకెమిస్ట్రీ" గ్రంథము ద్వారా ఆ రంగంలో ప్రసిద్ధి చెందాడు. 1970వ దశకంలో ఈయన దృష్టి గ్రామీణ సమస్యల వైపు మళ్ళినది. ఉన్నత విద్యా సంస్థలలో జరిగే పరిశోధన సంపన్న దేశాల అవసరాలను అనుసరించుచున్నదని, దేశ ప్రజలలో అధిక సంఖ్యాకుల అవసరాలు ప్రయోగశాల దాకా రావడం లేదని ఈయన వాదన. 1991లో పద్మశ్రీ పురస్కారము, 2000లో మరి ముగ్గురితో కలిసి వోల్వో పర్యావరణ బహుమతి ఈయనకు లభించినవి.

ప్రయోగశాలలో తేలిన విషయాలను పల్లెలో పరీక్షించుటకు తుమకూరు జిల్లా కుణిగల్ తాలూకాలోని ఉంగ్ర గ్రామంలో ఒక విస్తరణ కేంద్రము ఏర్పాటైనది. గ్రామస్థులు దేనిని వాడుతున్నారు, దేనిని మూలన పడవేస్తున్నారు అన్న దానిని బట్టి పరిశోధన దిశ మారుతూ వచ్చినది. అదే తాలూకాలోని పుర గ్రామంలో పశువుల పేడ నుండి తీసిన వాయువుతో దీపాలు వెలిగించి, మంచినీరు తోడిన ప్రయోగము కూడా ఆస్ట్రాదే.

నిర్మాణ రంగంలో కృషికి సివిల్ ఇంజనీరింగు ఆచార్యుడు కె.ఎస్. జగదీశ్ నాయకత్వం వహించాడు. బి.వి. వెంకటరామరెడ్డి, కె.ఎస్. నంజుండరావు ఈ కృషిలో ముఖ్యులు.

మట్టిని స్థిరీకరించుట

పొడి మట్టి గోడ చాలా బరువును మోయగలదు. అదే గోడ తడిసినచో బలహీనపడుతుంది. మట్టిలోని బంకమన్ను రేణువులు నీటిని పీల్చి ఉబ్బుట, వాటి మధ్య పట్టు సడలుట దీనికి కారణము. దీనిని రెండు విధాలుగా నివారించవచ్చును. మొదటిది, మట్టిని గట్టిగా అదిమి లోపలి ఖాళీలను తగ్గించుట. రెండవది, నీటికి లొంగని బంధకాన్ని, అనగా సిమెంటును గాని సున్నాన్ని గాని, కొద్ది పాళ్ళలో కలుపుట. ఈ రెండూ కలిసినదే స్థిరీకరించిన మట్టి ఇటుక.

మట్టి ఎంపిక: అన్ని మన్నులూ దీనికి పనికిరావు. బంకమన్ను ఎక్కువైనచో ఇటుక ఆరిన తరువాత బీటలు వారుతుంది, తడిసినప్పుడు పట్టు కోల్పోతుంది. ఇసుక మరీ ఎక్కువైనచో అచ్చు నుండి తీసేటప్పుడే విరిగిపోతుంది. మిశ్రమంలో బంకమన్ను సుమారు 15 శాతము, ఇసుక మూడింట రెండు వంతులు ఉండుట మంచిదని పరిశోధనలలో తేలినది. దక్షిణ భారతదేశపు ఎర్ర నేలలలో బంకమన్ను పాలు సాధారణంగా ఇంతకంటె ఎక్కువ. కనుక వాటికి ఇసుకను గాని, రాతి క్వారీలలో మిగిలే పొడిని గాని కలుపుతారు. ఎర్ర మన్నులోని బంకకు సిమెంటు చక్కగా సరిపోతుంది. బాగా ఉబ్బే గుణము గల నల్లరేగడికి సిమెంటు ఒక్కటే చాలదు, సున్నము అవసరమవుతుంది.

తయారీ: జల్లించిన మట్టిలో ఇసుకను, బరువులో 6 నుండి 8 శాతము సిమెంటును కలిపి, తగు మాత్రము నీరు చల్లి, చేతి యంత్రములోని అచ్చులో పోసి మీటతో అదుముతారు. ఆస్ట్రా కృషి నుండి వచ్చిన యంత్రాలు ఆస్ట్రామ్, మర్దిని అను పేర్లతో వాడుకలోకి వచ్చినవి. ఇవి విద్యుత్తు లేకుండా మనుషులతోనే నడుస్తాయి కనుక ఇల్లు కట్టే స్థలములోనే ఇటుకలు చేసుకొనవచ్చును. ప్రతి ఇటుకకు మట్టిని తూచి పోయుట ఇందులో ముఖ్యమైన నియమము. తూకము తప్పినచో ఇటుక సాంద్రత తగ్గి, దానితో బలమూ తగ్గుతుంది. తీసిన ఇటుకలను పేర్చి, గడ్డి కప్పి, మూడు నాలుగు వారాలు నీటితో తడపాలి. కాల్చే పని లేదు.

పరీక్షలు: ఈ ఇటుక బలాన్ని పొడిగా కాక, నీటిలో నానబెట్టిన తరువాత కొలుస్తారు. వానలో తడిసిన రోజున గోడ ఎంత మోయగలదన్నదే ముఖ్యము కదా! మట్టి ఇటుకలకు భారతీయ ప్రమాణాల సంస్థ ఐ.ఎస్. 1725 అను ప్రమాణాన్ని నిర్దేశించినది. 1982 నాటి ఈ ప్రమాణము 2013లో సవరించబడినది.

నిక్షిప్త శక్తి గణన

ఒక పదార్థాన్ని తయారుచేసి, నిర్మాణ స్థలానికి చేర్చేంత వరకు ఖర్చయిన మొత్తము శక్తిని నిక్షిప్త శక్తి అంటారు. భవనములో దీపాలు, పంకాలు, శీతలీకరణ యంత్రాలు వాడే శక్తి దీనికి వేరు. వెంకటరామరెడ్డి, జగదీశ్ కలిసి 2003లో "ఎనర్జీ అండ్ బిల్డింగ్స్" పత్రికలో ప్రచురించిన వ్యాసము భారతీయ నిర్మాణ పదార్థాలకు ఇటువంటి లెక్కలను ఒకచోట చేర్చినది. ఆ తరువాత వచ్చిన అనేక పరిశోధనలకు ఇది ఆధారమైనది. అందులోని కొన్ని అంశాలు:

* కాల్చిన ఇటుక ఒక్కొక్కటి: సగటున 4.25 మెగాజౌళ్ళు
* 6 శాతము సిమెంటు గల మట్టి ఇటుక (230 × 190 × 100 మి.మీ.) ఒక్కొక్కటి: 2.60 మెగాజౌళ్ళు
* ఉక్కు, కిలోకు: 42 మెగాజౌళ్ళు
* కాంక్రీటు చట్రముతో కట్టిన బహుళ అంతస్తుల భవనము, చదరపు మీటరుకు: 4.21 గిగాజౌళ్ళు
* కాల్చిన ఇటుక గోడలు, కాంక్రీటు కప్పు గల మామూలు భవనము, చదరపు మీటరుకు: 2.92 గిగాజౌళ్ళు
* మట్టి ఇటుక గోడలు, ప్రత్యామ్నాయ కప్పు గల రెండంతస్తుల భవనము, చదరపు మీటరుకు: 1.61 గిగాజౌళ్ళు

మొదటి రెండు అంకెలను పోల్చునప్పుడు పరిమాణాన్ని గమనించాలి. ఆ మట్టి ఇటుక ఒకటి దాదాపు రెండున్నర కాల్చిన ఇటుకలంత ఉంటుంది. కనుక ఒకే ఘనపరిమాణము గల గోడకు మట్టి ఇటుకలు వాడినచో ఖర్చయ్యే శక్తి సుమారు నాలుగవ వంతు మాత్రమే. మట్టి ఇటుకలోని శక్తిలో అధిక భాగము సిమెంటుదే. అందుచేత సిమెంటు పాలు పెంచుకుంటూ పోయినచో ఈ లాభము క్రమంగా కరిగిపోతుంది. అవసరమైనంత బలము చాలునని, అంతకు మించిన బలము వృథా అని ఈ లెక్కలు తెలుపుచున్నవి.

కప్పులు

గోడలతో సమానంగా కప్పు కూడా శక్తిని వినియోగిస్తుంది. కాంక్రీటు పలకలో క్రింది భాగపు కాంక్రీటు బరువు మోయుటలో పెద్దగా పాలుపంచుకోదు. ఆ చోట కొంత కాంక్రీటు తీసివేసి మట్టి ఇటుకలు గాని పెంకులు గాని అమర్చే పద్ధతిని ఆస్ట్రా పరిశోధకులు అధ్యయనం చేశారు. పై వ్యాసం ప్రకారము మామూలు కాంక్రీటు కప్పుకు చదరపు మీటరుకు 730 మెగాజౌళ్ళు కాగా, మట్టి ఇటుకలు అమర్చిన కప్పుకు 590 మెగాజౌళ్ళు. ఇదే పద్ధతిని కేరళలో లారీ బేకర్ పెంకులతో విరివిగా వాడి ప్రసిద్ధి పొందాడు.

భూకంపాలు

1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలోని లాతూరు ప్రాంతంలో వచ్చిన భూకంపములో వేలాది మంది మరణించారు. మట్టి అడుసుతో పేర్చిన మందపాటి రాతి గోడలు, వాటిపై బరువైన మట్టి కప్పులు కూలుట ఈ మరణాలకు ప్రధాన కారణము. దీనితో మట్టి కట్టడాలపై ప్రజలకు భయం పెరిగినది. 2001 జనవరి 26 నాటి భుజ్ భూకంపము తరువాత జగదీశ్, ఎస్. రఘునాథ్, నంజుండరావు అక్కడి ఇటుక, రాతి కట్టడాలు ఏ విధంగా దెబ్బతిన్నవో పరిశీలించి వ్యాసం ప్రచురించారు. గోడ ఒక్కసారిగా విరిగి పడకుండా, వంగి నిలిచే గుణము కల్పించుట అవసరమని వీరు సూచించారు. ఇందుకు గోడకు రెండు ప్రక్కలా నిలువుగా సన్నని ఉక్కు కడ్డీలను అమర్చి, వాటిని వరుసల మధ్య ఒకదానితో ఒకటి బంధించే పద్ధతిని ప్రతిపాదించారు. గోడ పగిలినా పడిపోకుండా కొంతసేపు నిలుచుట ఇందులోని ముఖ్య ప్రయోజనము. లోపలివారు బయటపడుటకు ఆ కొంత సమయమే ప్రాణాధారము.

వ్యాప్తి, అడ్డంకులు

కర్ణాటకలో, ముఖ్యంగా బెంగుళూరు పరిసరాలలో ఈ ఇటుకలతో అనేక గృహాలు, పాఠశాలలు నిర్మించబడినవి. తమిళనాడులోని ఆరోవిల్‌లో 1989లో ఏర్పడిన మట్టి నిర్మాణ సంస్థ వేరుగా తన యంత్రాలను రూపొందించి శిక్షణ ఇచ్చుచున్నది. అయినను మట్టి ఇటుక కాల్చిన ఇటుక స్థానాన్ని ఆక్రమించలేకపోయినది. దీనికి కొన్ని కారణాలు కలవు.

* మట్టిని పరీక్షించి, తూచి, తడిపే ఓపిక కావాలి. వీటిలో ఏది తప్పినా ఇటుక చెడుతుంది, ఆ అపకీర్తి పద్ధతికి వస్తుంది.
* ఫ్యాక్టరీ నుండి లారీలో దిగే వస్తువుకు ఉన్న వ్యాపార వ్యవస్థ స్థలములో తయారయ్యే ఇటుకకు లేదు.
* పచ్చి ఇటుక, మట్టి గోడలను 2001 జనాభా లెక్కలలో తాత్కాలిక పదార్థాల క్రింద చేర్చారు. పక్కా ఇల్లు అనగానే కాల్చిన ఇటుక, కాంక్రీటు అన్న భావన ప్రజలలో స్థిరపడినది. పేదవాడు మట్టి ఇంటి నుండి బయటపడాలని కోరుకుంటాడు. ఆ కోరికను గౌరవిస్తూ మట్టికి గౌరవం తేవడము శాస్త్ర సమస్య కంటె కష్టమైనది.

నిర్వహణ

మట్టి ఇటుక గోడకు పూత తప్పనిసరి కాదు. అయితే చూరు తగినంత బయటకు ఉండుట, పునాది నేల మట్టానికి పైకి ఉండి తేమ ఎక్కకుండుట, కప్పు నీరు గోడ మీదుగా జారకుండుట ముఖ్యము. పైకప్పు కారినచో వెంటనే సరిచేయాలి. ఈ జాగ్రత్తలు కాల్చిన ఇటుక గోడకూ మంచివే గాని, మట్టి గోడ నిర్లక్ష్యాన్ని తక్కువగా క్షమిస్తుంది.

తెలుగు ప్రాంతాలతో సంబంధము

రాయలసీమలోని మిద్దె ఇండ్లు చవుడు మట్టి పరచిన కప్పులకు ప్రసిద్ధి. చవుడు నీటిని లోనికి దిగనీయదు. కాని ఏళ్ళ తరబడి మట్టి వేస్తూ పోగా కప్పు బరువు పెరుగుతుంది. లాతూరు అనుభవము దృష్ట్యా ఇది గమనింపదగినది. అనంతపురము, చిత్తూరు జిల్లాల ఎర్ర నేలలు, తెలంగాణములోని చల్క నేలలు సిమెంటుతో స్థిరీకరించుటకు అనువైన జాతికి చెందినవి. కృష్ణా, గుంటూరు, ఆదిలాబాదు ప్రాంతాల నల్లరేగడికి ఈ పద్ధతి నేరుగా వర్తించదు. థర్మల్ విద్యుత్ కేంద్రాలకు దగ్గరగా ఉన్న చోట్ల బూడిద ఇటుకలు మరొక మార్గము. ఇందులో విశాఖపట్నానికి చెందిన ఎన్. భానుమతీదాస్, ఎన్. కాళిదాస్ బూడిద, సున్నము, జిప్సము మిశ్రమముతో ఫాల్-జి ఇటుకలను రూపొందించి పేరుపొందారు. వీటిని కూడా కాల్చనవసరము లేదు.

గ్రంథాలు

జగదీశ్, వెంకటరామరెడ్డి, నంజుండరావు కలిసి రచించిన "ఆల్టర్నేటివ్ బిల్డింగ్ మెటీరియల్స్ అండ్ టెక్నాలజీస్" ఇంజనీరింగు విద్యార్థులకు పాఠ్యగ్రంథముగా ఉపయోగపడుచున్నది. అదిమిన మట్టి ఇటుకలు, దిమ్మిస మట్టి గోడలపై వెంకటరామరెడ్డి రచించిన ఆంగ్ల గ్రంథము 2022లో వెలువడినది.

ఇవి కూడా చూడండి

* భారతీయ విజ్ఞాన సంస్థ
* లారీ బేకర్
* ఇటుక
* సిమెంటు
* నల్లరేగడి నేలలు