పొలిమేరలో రెండు తీగలు

1988 మే 8, ఆదివారం. అమెరికాలో ఆ రోజు మదర్స్ డే. ఏడాదిలో టెలిఫోన్లు తీరిక లేకుండా మోగే రోజుల్లో అదొకటి. షికాగో శివార్లలో హిన్స్‌డేల్ అనే చిన్న ఊళ్లో, ఇలినాయ్ బెల్ కంపెనీ ఎక్స్ఛేంజీ భవనంలో ఆ సాయంత్రం నిప్పంటుకుంది. సెలవు రోజు కావడంతో లోపల మనుషులెవరూ లేరు. మంటలు ఆరేసరికి చుట్టుపక్కల సుమారు 35 వేల ఫోన్లు మూగబోయాయి. ఆ భవనం మీదుగా పోయే దూరప్రాంతాల లైన్లు కూడా తెగాయి. ఓహేర్ విమానాశ్రయంలో విమానాల రాకపోకలు తారుమారయ్యాయి. అన్నీ చక్కబడడానికి వారాలు పట్టింది.

తీగలకు కొరత లేదు. వేల కొద్దీ ఉన్నాయి. అన్నీ ఒకే ఇంట్లోంచి పోవడమే కొంప ముంచింది.

టెలిఫోన్ కంపెనీలు ఈ పాఠాన్ని మర్చిపోలేదు. సోనెట్ అనే కొత్త ఆప్టికల్ ప్రమాణం అమెరికాలో ఖరారైంది కూడా ఆ 1988లోనే. ఐరోపాలో, మన దేశంలో దాని తోబుట్టువు ఎస్‌డీహెచ్ వాడుకలోకి వచ్చింది. వీటితో ఎక్స్ఛేంజీలను వడ్డాణంలా గుండ్రంగా కలిపేవారు. ఒకచోట తీగ తెగితే కబురు వెనక్కి తిరిగి రెండో వైపు నుంచి గమ్యం చేరేది. ఈ మలుపు 50 మిల్లీసెకన్లలో, అంటే సెకనులో ఇరవయ్యో వంతులో పూర్తి కావాలన్నది టెలికాం ఇంజనీర్లు పెట్టుకున్న లెక్క. మాట్లాడుకుంటున్న ఇద్దరికీ చిన్న చిటుకు వినపడితే వినపడుతుంది, లేకపోతే అదీ లేదు. తర్వాత టెలికాం రంగంలోకి ఏ కొత్త సరుకు వచ్చినా ముందు ఎదురైన ప్రశ్న ఒకటే: 50 మిల్లీసెకన్లలో లేచి నిలబడగలవా?

ఆ ప్రశ్న ముందు చాలాకాలం తలదించుకు నిలబడిన సరుకు ఈథర్‌నెట్.

అది పుట్టింది టెలిఫోన్ లోకానికి దూరంగా, కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రం పార్క్‌లో. 1973 మే 22న బాబ్ మెట్‌కాఫ్ తన సహోద్యోగులకు ఒక మెమో రాశాడు. ఆఫీసులో ఉన్న కంప్యూటర్లన్నిటినీ ఒకే కేబుల్‌కి తగిలిద్దాం, ఎవరికి చెప్పాల్సింది ఉంటే వాళ్లు చెబుతారు, ఇద్దరు ఒకేసారి నోరు విప్పితే ఇద్దరూ ఆగి కాసేపటికి మళ్లీ మొదలుపెడతారు. స్థూలంగా ఇదీ ఆలోచన. హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్‌సన్ దీవుల మధ్య నడిపిన అలోహానెట్ రేడియో దానికి ప్రేరణ. డేవిడ్ బాగ్స్‌తో కలిసి మెట్‌కాఫ్ కట్టిన తొలి ఈథర్‌నెట్ వేగం సెకనుకు 2.94 మెగాబిట్లు. 1980లో డిజిటల్, ఇంటెల్, జిరాక్స్ కలిసి దాన్ని 10 మెగాబిట్ల ప్రమాణంగా ప్రకటించాయి. లావుపాటి పసుపు కేబుల్, ఒక్కో ముక్క 500 మీటర్లకు మించకూడదు. కొత్త కంప్యూటర్ కలపాలంటే కేబుల్‌ని కోయనక్కర్లేదు. దాని ఒంట్లోకి సూది గుచ్చే కొక్కేన్ని తగిలిస్తే చాలు. రక్తం పీల్చే పిశాచాన్ని తలచుకుని దానికి వాంపైర్ ట్యాప్ అని పేరు పెట్టారు.

ఉమ్మడి కుటుంబంలో అందరూ ఒకే వసారాలో కూర్చుని మాట్లాడుకున్నట్టు ఉండేది ఆ వ్యవస్థ. ఒకరి మాట అందరికీ వినపడుతుంది. అద్దెకున్నవాళ్లు, పక్కింటివాళ్లు, బిల్లు కట్టేవాళ్లు అనే మాటలే అక్కడ లేవు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఈథర్‌నెట్‌కి వలయం పడదు. టెలిఫోన్ వాళ్లకు ప్రాణం పోసిన రింగే దానికి ప్రాణాంతకం. ఇంటర్నెట్ ప్యాకెట్ మీద ఇన్ని మజిలీల తర్వాత చచ్చిపొమ్మని ఆయుష్షు రాసి ఉంటుంది. ఈథర్‌నెట్‌లో కబురు మోసే ఫ్రేమ్‌కి అలాంటి రాత లేదు. అందరికీ అని పంపిన ఫ్రేమ్ వలయంలో పడితే ఊళ్లో పుకారులా తిరిగి తిరిగి, కేబుళ్లను కలిపే పెట్టెల్లో దాన్ని మొదట దాటించినదాని దగ్గరికే వస్తుంది, అది దాన్ని కొత్త కబురనుకుని మళ్లీ పంపిస్తుంది. క్షణాల్లో కేబులంతా ఆ పుకార్లతోనే నిండిపోతుంది.

1980ల నడుమ డిజిటల్ కంపెనీలో పనిచేస్తున్న రేడియా పెర్ల్‌మన్‌కి ఈ చిక్కు విప్పే పని అప్పగించారు. ఆమె రాసిన స్పానింగ్ ట్రీ పద్ధతిలో ఆ పెట్టెలు తమలో తాము మాట్లాడుకుని ఒకదాన్ని చెట్టుకు వేరుగా ఎంచుకుంటాయి. అక్కడి నుంచి కొమ్మలు మాత్రమే మిగిలేలా, వలయం కట్టే తీగలను తాత్కాలికంగా మూసేస్తాయి. పరిష్కారం త్వరగానే దొరికిందనీ, మిగిలిన సమయంలో దాని మీద ఒక చిన్న కవిత కూడా రాశాననీ ఆమె తర్వాత చెప్పుకొచ్చారు. 1985లో ఆ కవితతో సహా పరిశోధన పత్రం అచ్చయింది, 1990లో ఐఈఈఈ ప్రమాణమైంది. అయితే కొమ్మ విరిగితే కొత్త చెట్టు మొలవడానికి 30 నుంచి 50 సెకన్లు పట్టేది. ఆఫీసులో ప్రింటర్ అరనిమిషం ఆగితే ఎవరూ పట్టించుకోరు. టెలిఫోన్ వాళ్ల 50 మిల్లీసెకన్ల పక్కన పెడితే మాత్రం అది ఆరువందల నుంచి వెయ్యి రెట్ల ఆలస్యం.

పైగా చెట్టుకీ ఒక హద్దుంది. 2002 నవంబరులో బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకొనెస్ ఆసుపత్రిలో నెట్‌వర్క్ నాలుగు రోజుల పాటు కుప్పకూలింది. ఏళ్ల తరబడి ఒకదాని పక్కన ఒకటి అతికించుకుంటూ పోయిన పెట్టెలు, అంటే స్విచ్చులు, స్పానింగ్ ట్రీ తట్టుకోగల లోతును దాటిపోయాయి. డాక్టర్లు మందుల చీటీలు కాగితం మీద రాశారు, పరీక్షల ఫలితాలను మనుషులు పరుగున మోసుకెళ్లారు. ఆసుపత్రి సమాచార విభాగాధిపతి జాన్ హలాంకా జరిగిందంతా దాచకుండా బయటపెట్టడంతో ఆ ఉదంతం నెట్‌వర్క్ ఇంజనీర్లకు పాఠమైంది.

ఇలాంటి ఈథర్‌నెట్‌ని టెలికాం కంపెనీలు ఎందుకు నెత్తికెత్తుకున్నాయి? చవక. ఆఫీసుల కోసం కోట్లలో తయారయ్యే స్విచ్చు ముందు సోనెట్ పెట్టె ధర కళ్లు బైర్లు కమ్మించేది. అప్పట్లో వ్యాపారసంస్థకు లీజు లైను అంటే అమెరికాలో టీ1, సెకనుకు ఒకటిన్నర మెగాబిట్లు. మన దగ్గర ఈ1, రెండు మెగాబిట్లు. అంతకన్నా కావాలంటే ఇంకో పెట్టె, ఇంకో ఒప్పందం, నెలల నిరీక్షణ. ఆఫీసు లోపల వంద మెగాబిట్లు పరుగెడుతుంటే గుమ్మం దాటగానే నత్తనడక.

ఆ సందులో దూరిన కొత్త కంపెనీల్లో శాన్‌ఫ్రాన్సిస్కోకి చెందిన యిప్స్ ఒకటి. వీధి కింద ఫైబర్ వేసి, నేరుగా ఈథర్‌నెట్ ప్లగ్గునే ఖాతాదారు చేతికిచ్చింది. డాట్‌కామ్ బుడగ పేలాక 2002లో దివాలా తీసింది, మళ్లీ కోలుకుంది. 2007లో దాన్ని 30 కోట్ల డాలర్లకు కొన్నది మన రిలయన్స్ కమ్యూనికేషన్సే. కంపెనీలు వచ్చి పోయినా ఆ ప్లగ్గు మాత్రం నిలిచింది. 2001లో ఏర్పడిన మెట్రో ఈథర్‌నెట్ ఫోరం, వసారాలో పెరిగిన ఈ పిల్లకు వీధి మర్యాదలు నేర్పే పని తలకెత్తుకుంది. ఖాతాదారూ కంపెనీ కలిసే చోటుకు యూఎన్ఐ అన్న పేరు వాడింది. అది ఇంటి గుమ్మం లాంటిది. గడపకు ఇవతల నీ బాధ్యత, అవతల నాది.

తర్వాతి పదేళ్లు మరమ్మతుల కాలం. ఏ ఫ్రేమ్ ఎవరిదో చెప్పే వీలాన్ చీటీలో ఉన్నది 12 బిట్లే, 4094 మంది ఖాతాదారులు దాటితే అంకెలు అయిపోతాయి. కాబట్టి చీటీ మీద చీటీ అంటించే పద్ధతి 2005లో వచ్చింది. లోపలిది ఖాతాదారుది, పైది కంపెనీది. తీగ బతికే ఉందా అని పలకరించే కబుర్లు 2007 ప్రమాణంతో మొదలయ్యాయి. అవి 3.33 మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున కూడా పోగలవు. వరసగా మూడు రాకపోతే తెగిందన్నమాటే. ఇందులో ఎనిమిది అంతస్తులు పెట్టారు. ఖాతాదారు తన అంతస్తు నుంచి మొదలూ చివరా మాత్రమే చూడగలడు, మధ్యలో కంపెనీ ఇంట్లో ఏముందో అతనికి కనపడదు. ఇక 2008లో వచ్చిన జీ.8032 ప్రమాణం ఈథర్‌నెట్‌కి చివరికి రింగు తొడిగింది. వలయంలో ఒక్క లంకెను మూసి ఉంచుతారు. ఎక్కడైనా తెగితే ఆ తలుపు తెరుచుకుంటుంది. 1200 కిలోమీటర్ల లోపు చుట్టుకొలత, 16 కన్నా తక్కువ పెట్టెలు ఉంటే అంతా 50 మిల్లీసెకన్లలోపే. హిన్స్‌డేల్ తర్వాత ఇరవై ఏళ్లకు ఆఫీసు కేబుల్ టెలిఫోన్ పరీక్ష పాసయింది.

సొంత ఊళ్లో సరే, పొలిమేర దాటితే?

ఒక బ్యాంకుకు ముంబైలో ప్రధాన కార్యాలయం, అనంతపురంలో శాఖ ఉన్నాయనుకుందాం. ముంబై కంపెనీకి అనంతపురంలో తీగ లేదు, అక్కడ వేరే కంపెనీది ఉంది. రెండూ ఎక్కడో ఒకచోట చేతులు కలపాలి. 2010 జనవరిలో ఫోరం ఆ చోటుకు ఈఎన్ఎన్ఐ అని పేరు పెట్టి నియమాలు రాసింది. పేచీ వెంటనే వచ్చింది. అనంతపురం గుమ్మం దగ్గర బ్యాంకు ఏ సేవ కొన్నది, దేనికెంత వేగం, ఏ చీటీ దేనికన్నది ఎవరు అమర్చాలి? స్థానిక కంపెనీ అమరిస్తే, బ్యాంకు చిన్న మార్పు అడిగినప్పుడల్లా ముంబై వాళ్లు దాన్ని బతిమాలుకోవాలి. తన ఖాతాదారు గుట్టంతా పోటీదారు చేతిలో పెట్టాలి.

అదే ఏడాది అక్టోబరులో దీనికి జవాబుగా వర్చువల్ యూఎన్ఐ వచ్చింది. స్థానిక కంపెనీ అనంతపురం గుమ్మం నుంచి పొలిమేర దాకా ఒక సొరంగం మాత్రం ఇస్తుంది. లోపల ఏం పోతోందో చూడదు, పైన తన చీటీ అంటిస్తుంది అంతే. అసలు గుమ్మం పని, అంటే చీటీలు చదవడం, సేవలు విడదీయడం, వేగం కొలవడం, పొలిమేరకు ఇవతల ముంబై కంపెనీ పెట్టెలో జరుగుతుంది. లెక్క ప్రకారం బ్యాంకు శాఖ ముంబై కంపెనీ గడపలోనే ఉన్నట్టు. ఇల్లు ఒక ఊళ్లో, గుమ్మం ఇంకో ఊళ్లో.

గుమ్మం పొలిమేరకు తరలాక పొలిమేర తెగితే గతేమిటి? 2010 నియమాల్లో దీనికి చూపిన దారి రెండు తీగలు. ఒకటి పనిచేస్తుంది, రెండోది కాచుకుని ఉంటుంది. తెగేది తీగ అయితే ఇది చాలు. అయితే ఆ రెండు తీగలూ రెండు వైపులా ఒక్కో పెట్టెలోకే చేరేవి. పెట్టె కాలితే రెండూ పోతాయి. రెండు కంపెనీల ఒప్పందం నడుమ హిన్స్‌డేల్ మళ్లీ వచ్చి కూర్చుంది.

తీగలను రెండు వేర్వేరు పెట్టెల్లో దింపి, అవతలివాడికి ఒక్క పెట్టెలా కనిపించే ఉపాయం పరికరాలు తయారుచేసేవాళ్లకు అప్పటికే తెలుసు. నార్టెల్ 2000ల తొలి ఏళ్లలోనే చేసింది, తర్వాత సిస్కో తన పద్ధతి తెచ్చింది. కానీ జంటగా నటించే ఆ రెండు పెట్టెలూ ఒకే కంపెనీ తయారీవి కావాలి, వాటి మధ్య మాట వాటి సొంత యాస. ఐఈఈఈ 2014లో సవరించిన 802.1ఏఎక్స్ ప్రమాణం దీన్ని అందరి భాషలో రాసింది. దాని పేరు డీఆర్ఎన్ఐ. అందులో రెండు లేదా మూడు పెట్టెలు కలిసి అవతలి కంపెనీకి ఒక్కటిగా కనిపిస్తాయి. ఇవతల ఎవరు పడిపోయారు, ఎవరు పని అందుకున్నారు అన్నది ఇంటిగుట్టు. నా ఊళ్లో తీగ తెగితే నీ ఊళ్లో దారులు మారనక్కర్లేదు.

జంట పెట్టెలకు ఒక గండం ఉంది. వాటి మధ్య తీగే తెగితే రెండోది చచ్చిపోయిందని రెండూ అనుకుంటాయి, నేనే పెద్దకొడుకునంటూ రెండూ ముందుకొస్తాయి. ఏ సంభాషణ ఏ తీగ మీద నడవాలో ఇరువైపులా ముందే రాసుకోవడం ఈ గందరగోళాన్ని తగ్గించే ఉపాయాల్లో ఒకటి. అందుకోసం ప్రమాణం 4096 అంకెలు కేటాయించింది. వెళ్లే మాట, తిరిగొచ్చే జవాబు ఒకే దారి పట్టేలా చూస్తుంది. వేగం కొలిచే చోట మాటలన్నీ కనపడకపోతే లెక్క తప్పుతుంది మరి. వర్చువల్ యూఎన్ఐ ఇక్కడ ఇంకో మెలిక పెట్టింది. సొరంగమంతటికీ పైచీటీ ఒకటే కాబట్టి దాన్ని మాత్రమే చూసి పంచితే అనంతపురం బరువంతా ఒకే తీగ మీద పడుతుంది. లోపలి చీటీ కూడా చదివి, బ్యాంకు కొన్న సేవలను ఒక్కొక్కటిగా విడదీసి, తలా ఒక తీగకు అప్పగించాల్సి వచ్చింది.

ఈ లెక్కలు తెలుగు పల్లెల దాకా వచ్చాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు ఫోన్లు మూగబోయి, అయినవాళ్ల క్షేమం కనుక్కునే దారి లేక జనం అల్లాడారు. పంచాయతీలకు ఫైబర్ వేసే భారత్‌నెట్ పథకం తొలి దశల్లో తీగ మండలం నుంచి ఊరికి కొమ్మలా పోయేది. రోడ్డు పనిలో జేసీబీ ఒకచోట తగిలితే ఆ కొమ్మ మీది ఊళ్లన్నీ చీకటే. 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం 1.39 లక్షల కోట్ల రూపాయలతో ఆమోదించిన సవరించిన పథకంలో పంచాయతీలను వలయాలుగా కలపాలని రాశారు. ఒక వైపు తెగినా మండలానికి రెండో దారి ఉంటుంది. మండల కేంద్రంలో ఆ రెండు దారులూ ఒకే గదిలో దిగుతున్నాయా, రెండు గదుల్లోనా అని హిన్స్‌డేల్ మంట చూసినవాళ్లెవరైనా ముందుగా అడుగుతారు.