చలికాలంలో మొదలైన మందు: డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు, కీమోథెరపీ

ప్రతి యేడూ ధనుర్మాసం రాగానే ఒక ప్రశ్న నన్ను వెదుక్కుంటూ వస్తుంది. "డాక్టరు గారూ, ఇంత చలిలో కీమో తట్టుకోగలమా? సంక్రాంతి వెళ్ళాక మొదలుపెడితే కాదా?" పాడేరు, చింతపల్లి మన్యం నుంచి విశాఖకు చికిత్సకై వచ్చేవారూ అడుగుతారు, గాజువాకలో, ఉక్కునగరంలో ఉండేవారూ అడుగుతారు. ఉద్యోగ విరమణ చేసినా ఈ ప్రశ్న నుంచి నాకు విరమణ లేదు. కేవలం చలికి భయపడి కీమోథెరపీని వాయిదా వేయడం తగదు. ఎందుకు తగదో చెప్పడానికి చరిత్రలోని రెండు డిసెంబరు నెలలను గుర్తు చేసుకుందాం.

మొదటిది ఒక రేవుపట్టణపు కథ. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నంపై జపాను విమానాలు బాంబులు వేసిన సంగతి మన పెద్దలు చెప్పుకునేవారు. మరుసటి యేడు, 1943 డిసెంబరు 2 రాత్రి, ఇటలీలోని బారి రేవుపై జర్మను విమానాలు దాడి చేశాయి. అక్కడ ఉన్న జాన్ హార్వే అనే అమెరికా నౌకలో మస్టర్డ్ విషపదార్థం నింపిన బాంబులు రహస్యంగా ఉన్నాయి. ఆ విషం సోకిన వారిని పరీక్షించిన సైనిక వైద్యుడు స్టీవర్ట్ అలెగ్జాండర్, వారి రక్తంలో తెల్లకణాలు దారుణంగా పడిపోవడం గమనించారు. అంతకుముందే, 1942లో, యేల్ విశ్వవిద్యాలయ వైద్యులు నైట్రోజన్ మస్టర్డును లింఫోమా రోగిపై ప్రయోగించి ఉన్నారు. గడ్డలు కరిగాయి గాని కొద్ది వారాలకే తిరిగి వచ్చాయి. యుద్ధకాలపు గోప్యత వల్ల 1946 వరకు ఆ సంగతి లోకానికి వెల్లడి కాలేదు.

రెండవ కథ మన భీమవరంలో మొదలవుతుంది. 1895 జనవరి 12న అక్కడ జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు మెట్రిక్యులేషను మూడవ ప్రయత్నంలో గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించినందుకు ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకున్నారు. ఇద్దరు సోదరులను స్ప్రూ అనే జబ్బు బలిగొన్నది. ఆహారసారం ఒంటబట్టక, రక్తం క్షీణించి మనిషి కృశించిపోయే వ్యాధి అది. 1922లో ఆయన బోస్టన్ చేరి, హార్వర్డులో ఫిస్కేతో కలిసి కండరాల శక్తికి మూలమైన ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీలపై పరిశోధించారు. 1940లో లెడర్లే సంస్థకు మారారు. అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. స్ప్రూ రోగుల రక్తహీనతకు అదే మందు అయింది. సోదరులకు అందని ఔషధం లోకానికి అందింది.

ఇంతలో బోస్టన్ పిల్లల ఆసుపత్రి రోగనిదాన శాస్త్రజ్ఞుడు సిడ్నీ ఫార్బర్ ఒక విషయం గమనించారు. ఫోలిక్ ఆమ్ల సంబంధమైన పదార్థాలు ఇస్తే, రక్తక్యాన్సరు ఉన్న పిల్లలలో వ్యాధి తగ్గకపోగా వేగం పుంజుకున్నది. కణం విభజన చెందాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. మరి దానికి విరుద్ధమైన పదార్థం ఇస్తే? అచ్చం ఫోలిక్ ఆమ్లంలాగే కనిపించి, కణాన్ని మోసగించే అణువులను సుబ్బారావు గారి బృందం తయారుచేసి పంపింది. వాటిలో ఒకటి అమినోప్టెరిన్. 1947 డిసెంబరు 28న, బోస్టన్ చలిలో, రెండేళ్ళ బాలునికి ఆ మందు మొదలుపెట్టారు. మరణం తప్పదనుకున్న ఆ పసివాడు కొద్ది వారాలలో లేచి తిరిగాడు.

1948 జూన్‌లో వెలువడిన ఫార్బర్ వ్యాసం ప్రకారం, చికిత్స పొందిన 16 మంది పిల్లలలో 10 మందికి మెరుగు కనిపించింది. అయితే ఆ మెరుగు కొన్ని నెలలే నిలిచింది. వ్యాధి తిరగబెట్టింది. ఆ యేడు ఆగస్టులోనే సుబ్బారావు గారు 53వ యేట కన్నుమూశారు. అమినోప్టెరిన్‌కు దగ్గరి చుట్టమైన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉన్నది. మన తీరప్రాంతంలో బోదకాలు నివారణకు పంచే డీఈసీ మాత్ర కూడా ఆయన ప్రయోగశాల ప్రసాదమే.

ఆ పిల్లలకు వ్యాధి ఎందుకు తిరగబెట్టింది? ఒకే మందుకు లొంగని కణాలు కొన్ని మిగిలిపోయాయి. అందుకే తరువాతి తరం వైద్యులు పలు మందులను కలిపి, నియమిత వ్యవధులలో, దీర్ఘకాలం ఇవ్వడం నేర్చుకున్నారు. నేడు మంచి వసతులున్న చోట పిల్లలలో వచ్చే లింఫోబ్లాస్టిక్ రక్తక్యాన్సరు నూటికి ఎనభై మందికి పైగా నయమవుతున్నది. ఆ వ్యవధులు రోగి సౌకర్యం కోసం పెట్టినవి కావు. రక్తకణాలు కోలుకునేంత సమయం ఇచ్చి, క్యాన్సరు కణాలు తిరిగి బలపడేలోపు దెబ్బ తీయడమే వాటి ఉద్దేశం. బయట ఎంత చలి ఉన్నా శరీరం లోపలి వేడి మారదు, మందు పని మారదు. సంక్రాంతి కోసం ఆపితే కోలుకునేది క్యాన్సరే.

అయితే చలికాలంలో కొన్ని జాగ్రత్తలు అవసరం. కీమో తరువాత సుమారు ఏడు నుంచి పద్నాలుగు రోజుల మధ్య తెల్లకణాలు బాగా తగ్గుతాయి. ఆ రోజులలో జలుబు, దగ్గు ఉన్నవారిని దూరంగా ఉంచండి. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే "చలిజ్వరంలే" అని మాత్ర వేసుకొని పడుకోకండి. రాత్రైనా ఆసుపత్రికి వెళ్ళండి. ఆక్సాలిప్లాటిన్ తీసుకునేవారికి చల్లనివి తాకితే వేళ్ళలో తిమ్మిరి, మింగితే గొంతు పట్టినట్లు అనిపించవచ్చు. కనుక కొన్ని రోజులు గోరువెచ్చని నీరే వాడాలి. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టవద్దు. భోగిమంట పొగకు దూరంగా కూర్చోండి. మెథోట్రెక్సేట్ వాడేవారు ఫోలిక్ ఆమ్లం మాత్రను తమంతట తాము మొదలుపెట్టవద్దు, వైద్యుడు రాసి ఇచ్చినదాన్ని మానవద్దు.

కింగ్ జార్జి ఆసుపత్రి నుంచి అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి వరకు నేడు విశాఖలోనే చికిత్స లభిస్తున్నది. భీమవరం బిడ్డ పంపిన మందు కోసం బోస్టన్‌లో ఆ తల్లిదండ్రులు వసంతం దాకా ఆగలేదు. మనమూ ఆగవద్దు.