నల్లగుడ్డ మాటు నుండి నేటి వ్యూఫైండరు వరకు

మా యింట మా నాయనమ్మగారి కడపటి ఛాయాచిత్రము గలదు. అందు పడకకుర్చీ చేతిమీది చెక్కడపు గీతలు లెక్కింపదగినంత స్పష్టముగా నున్నవి. ఆమె ముఖము మాత్రము మసకబారి యున్నది. తీసినవారము మేమే. వ్యూఫైండరులో చూచినపుడు ముఖము తేటగానే కనబడినది. ఈ మోసమెక్కడిదని విచారింపగా, ఛాయాగ్రహణ విద్య యెంత పాతదో యిదియు నంత పాతదని తెలిసినది.

డాగ్వేరు పద్ధతి 1839లో వెల్లడియైనది. తరువాతి దశకముననే, లండనులో చిత్రములు తీయుచుండిన ఆంత్వాన్ క్లోదే ఒక వింతను పట్టుకొనెను. గరుకుగాజుపై స్పష్టముగా నిలిచిన ముఖము వెండిపలకపై మసకగా పడుచుండెను. మన కంటికి పసుపువన్నె వెలుగు ప్రధానము. ఆనాటి పలకకు నీలి, ఊదా వెలుగులే ప్రధానము. కటకము ఆ రెంటిని ఒకే దూరమున కూర్పలేకపోయెడిది. అనగా, చూచువాని కన్ను తప్పు చేయకున్నను చిత్రము తప్పెడిది! ఈ భేదమును కొలుచుటకు క్లోదే ఒక పరికరమునే కల్పించెను.

కటకములు బాగుపడిన పిమ్మటను నల్లగుడ్డ తప్పలేదు. 1880 దశకమున సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పిన రాజా దీన్‌దయాళ్ (1844–1905) కాలపు పెద్ద కెమెరాలలో బింబము తలక్రిందుగా నుండెడిది. ఫోకసు కుదిర్చి, గరుకుగాజు స్థానమున పలకను అమర్చిన క్షణము నుండి ఛాయాగ్రాహకునకు బింబము కనబడదు. కూర్చున్నవారు బెత్తెడు ముందునకు వంగినను ఆ శ్రమ వ్యర్థమే.

1925లో వచ్చిన లైకా కెమెరాలో చిత్రము 24 మిల్లీమీటర్ల యెత్తు, 36 మిల్లీమీటర్ల వెడల్పు మాత్రమే. దాని వ్యూఫైండరు చిత్రపు హద్దులను చూపెడిది గాని ఫోకసును చూపెడిది కాదు. దూరమును అంచనా వేయవలెను, లేదా వేరొక సాధనముతో కొలువవలెను. 1932లో లైకా, కాంటాక్స్ కెమెరాలు రెండును కటకముతో ముడిపడిన రేంజిఫైండరును తెచ్చినవి. రెండు బింబములు ఒకటైనచో ఫోకసు కుదిరినట్లే.

కటకము గుండానే చూడవలెనను కోరిక మాత్రము తీరలేదు. 1936 నాటి కినె ఎగ్జాక్టాలో అద్దము గలదు. కాని పైనుండి వంగి చూడవలెను, కుడియెడమలు తారుమారగును. 1949లో కాంటాక్స్ ఎస్ కెమెరా పట్టకమును చేర్చి ఆ చిక్కును తీర్చినది. ఆపైన తెర నడుమ బింబమును రెండుగా చీల్చు గాజుచీలికలు వాడుకలోనికి వచ్చినవి. స్తంభమో, చీర అంచో నిలువుగా దొరికినచో అవి దివ్యముగా పనిచేయును. సున్నము కొట్టిన గోడ యెదుట నిరుపయోగములు. వెలుగు తక్కువగా నిచ్చు కటకమును తగిలించినచో ఒక సగము నల్లబడును.

1977లో కోనికా, స్వయముగా ఫోకసు కుదుర్చుకొను కెమెరాను విక్రయించినది. 1985లో మినోల్టా 7000 ఆ సౌకర్యమును మార్పుకటకముల కెమెరాలోనికే తెచ్చినది. కంటికి పని తగ్గినదని తలచి, తరువాతి కెమెరాలలో పెక్కింటి నుండి గాజుచీలికలను తొలగించి, తెరను కాంతివంతముగా చేసిరి. మా దృష్టిలో అసలు చేటు ఇదియే. అట్టి తెర, బాగుగా తెరచిన కటకపు అంచుల నుండి వచ్చు కిరణములను కంటికి చాలవరకు చేరనీయదు. అందుచే చిత్రమున మసకబారు భాగము కూడ వ్యూఫైండరులో తేటగా కనబడును.

మేము అట్టి కెమెరాకే 50 మిల్లీమీటర్ల పాత కటకము తగిలించి, దానిని 1.4 వరకు తెరచి, అయిదడుగుల దూరము నుండి ఆ చిత్రము తీసితిమి. అచ్చట స్పష్టముగా నుండు మేర మొత్తము నాలుగువేళ్ల వెడల్పే. నేటి అద్దము లేని కెమెరాలలో బింబమును పెంచి చూచుకొనవచ్చును. నాటి గరుకుగాజుపై భూతద్దముంచి చూచిన పని వంటిదే యిది.

ఆ కుర్చీ యింకను మా వసారాలో నున్నది. మొన్న కొలిచి చూచితిమి. చేతిమీది చెక్కడమునకు, ఆమె తల ఆనించెడి చోటునకు నడుమ జానెడుకు పైగా నున్నది.