బొబ్బిలి జనం లెక్క, చెత్త లెక్క



బొబ్బిలి అనగానే 1757 నాటి యుద్ధమూ, గొల్లపల్లి వీణలూ స్ఫురించడం సహజం. ఈ టపాలో నేను చెప్పబోయేది ఆ ఊరి చెత్తను గురించి. ముక్కు మూసుకోకండి, దీనికీ ఒక చరిత్ర ఉంది.

జనాభా గుణశ్రేఢిలో పెరుగుతుందని, ఆహారం అంకశ్రేఢిలోనే పెరుగుతుందని 1798లో మాల్థస్ వాదించాడు. అడ్డులేని పెరుగుదల లోకంలో ఉండదని, పెరిగేకొద్దీ వేగం తగ్గి జనాభా ఒక హద్దు దగ్గర నిలుస్తుందని 1838లో బెల్జియం గణితజ్ఞుడు వెర్‌హల్‌స్ట్ సమీకరణం కట్టాడు. 1847లో తన దేశానికి ఆ హద్దు సుమారు 94 లక్షలని లెక్క తేల్చాడు. నేడు ఆ దేశ జనాభా కోటీ పది లక్షలు దాటింది. గణితం తప్పలేదు, స్థిరమని ఆయన ఎంచిన హద్దే కాలంతోపాటు జరిగింది.

ఇక మన ఊరికి వద్దాం. బొబ్బిలి పట్టణ జనాభా 2001లో సుమారు 50 వేలు, 2011లో సుమారు 57 వేలు. అంటే పదేళ్ళలో 14 శాతం వృద్ధి. అంకశ్రేఢి ప్రకారం 2021కి 64 వేలు, గుణశ్రేఢి ప్రకారం 65 వేలు కావాలి. ఏది నిజమో తేల్చవలసిన 2021 జనగణన జరగనేలేదు. అది 2027కు వాయిదా పడింది.

చెత్త మాత్రం జనగణన కోసం ఆగదు. మన పట్టణాలలో తలసరి చెత్త ఏటా 1 నుంచి 1.33 శాతం పెరుగుతోందని పరిశోధకుల అంచనా. పై అంకెనే తీసుకుంటే పదేళ్ళకు అదీ 14 శాతమే. ఈ రెండు వృద్ధులనూ గుణించి చూడండి. జనం 14 శాతం పెరిగితే చెత్త 30 శాతం పెరుగుతుంది. నూరు బండ్లు నూటముప్పై అవుతాయి.

ఈ లెక్కలో మూడవ అంకె ఒకటి ఉంది. మన పట్టణాల చెత్తలో దాదాపు సగం తడిచెత్త. అది కంపోస్టుగా మారితే దిబ్బకు చేరేవి అరవై అయిదు బండ్లే. పూర్వపు నూరు కంటె తక్కువ! అల్మిత్రా పటేల్ 1996లో సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యం, దాని వెనుక వచ్చిన 2000 నాటి నిబంధనలు, ఇంటివద్దే తడి, పొడి వేరుచేయాలన్న 2016 నిబంధనలు ఈ అంకెను ఉద్దేశించినవే. తడిచెత్తను ఎరువుగా మార్చి బొబ్బిలి పురపాలక సంఘం చిన్న పట్టణాలలో పేరు తెచ్చుకున్నదీ ఈ దారిలోనే.

మొదటి రెండు అంకెలను ఏ పురపాలక సంఘమూ శాసించలేదు. మూడవది మాత్రం మన వంటింటి గుమ్మం దగ్గర నిర్ణయమవుతుంది. అక్కడ మనం కలిపేసిన దానిని పారిశుద్ధ్య కార్మికులు తమ చేతులతో విడదీయవలసి వస్తుంది. ఆ శ్రమ ఏ సమీకరణంలోనూ కనిపించదు.

స్వస్తి.