ఎరవాడ ఖైదీ, ఆంగ్లేయ వైద్యుడు, ఒక అంగీకార పత్రం

చరిత్రలో పేరుపొందిన వ్యక్తులు అనుకోని విధంగా ఒకరికొకరు ఎదురుపడిన సందర్భాలు ఎన్నో కలవు. వాటిలో చాలావరకు సభలలోనో, విందులలోనో, ప్రయాణాలలోనో జరిగినవి. ఆసుపత్రి మంచం దగ్గర జరిగిన అటువంటి కలయికను ఒకదానిని ఈ వ్యాసంలో పరిశీలిద్దాం. ఇందులో ఉన్నవారు ముగ్గురు: రాజద్రోహ నేరంపై శిక్ష అనుభవిస్తున్న ఖైదీ, ఆ శిక్ష విధించిన ప్రభుత్వపు కొలువులో ఉన్న ఆంగ్లేయ శస్త్రవైద్యుడు, ఆ ఖైదీ రాజకీయ మార్గాన్ని బహిరంగంగా వ్యతిరేకించిన ఒక పెద్దమనిషి. వారిని ఒకచోట చేర్చినది కడుపునొప్పి.

1922 మార్చి 18న అహ్మదాబాదులో మహాత్మాగాంధీకి 6 సంవత్సరాల జైలుశిక్ష పడింది. ఆయనను పుణె సమీపంలోని ఎరవాడ జైలులో ఉంచారు. రెండేళ్ళు నిండకముందే, 1924 జనవరిలో, ఆయనకు తీవ్రమైన కడుపునొప్పి, జ్వరం వచ్చాయి. జైలు అధికారి కర్నల్ మర్రే జబ్బు ముదురుతున్నదని అనుమానించి, పుణె సాసూన్ ఆసుపత్రి శస్త్రవైద్యుడైన కర్నల్ మేడక్‌ను పిలిపించారు. పరీక్షించిన మేడక్, ఇది ఉండుకపుచ్ఛానికి వచ్చిన వాపు, అనగా అపెండిసైటిస్ అని నిర్ధారించారు. జనవరి 12న గాంధీజీని సాసూన్ ఆసుపత్రికి తరలించారు. ఆ రాత్రే శస్త్రచికిత్స జరగాలని వైద్యులు తేల్చారు.

ఇక్కడ రెండు చిక్కులు ఉన్నాయి. మొదటిది రోగికి సంబంధించినది. 1909లో వ్రాసిన హింద్ స్వరాజ్ గ్రంథంలో గాంధీజీ వైద్యులను, ఆసుపత్రులను ఘాటుగా విమర్శించారు. మనిషి అదుపు తప్పి శరీరాన్ని పాడుచేసుకొని, మందుతో బాగుపడి, మళ్ళీ అదే దారి పట్టడానికి వైద్యం తోడ్పడుతున్నదని ఆయన వాదన. మితాహారం, ఉపవాసం, మట్టిపట్టీలు, నీటి చికిత్స ఆయన నమ్మిన పద్ధతులు. అటువంటి వ్యక్తి కత్తికి ఒప్పుకోవాలి.

రెండవది వైద్యునికి సంబంధించినది. అప్పటికి కాకినాడలో కాంగ్రెసు మహాసభలు ముగిసి రెండు వారాలైనా కాలేదు. మౌలానా మహమ్మదలీ అధ్యక్షత వహించిన ఆ సభల వేడి దేశంలో ఇంకా చల్లారలేదు. ఖైదులో ఉన్న గాంధీజీ ఆంగ్లేయుని చేతిలో, శస్త్రచికిత్స బల్లమీద మరణిస్తే దేశం ఏమనుకొంటుంది? ఎంత నిజాయితీగా పనిచేసినా ఆ వైద్యునిపై అనుమానం పడకుండా ఉంటుందా? మేడక్ చేతిలో ఉన్నది ఒక రోగి ప్రాణమే అయినా, దాని వెనుక అంత బరువు ఉన్నది.

గాంధీజీ బొంబాయిలోని డాక్టర్ దలాల్‌ను, బరోడాలోని డాక్టర్ జీవరాజ్ మెహతాను పిలిపించాలని కోరారు. ఈ మెహతాగారే తరువాత 1960లో గుజరాత్ మొదటి ముఖ్యమంత్రి అయ్యారు. ఆ ఇద్దరూ రాత్రికి చేరుకోలేకపోయారు. అంతవరకు ఆగితే ప్రమాదమని మేడక్ విడమరచి చెప్పారు. అప్పుడు గాంధీజీ తన దగ్గర ఉండవలసిన మిత్రులలో ఒకరిగా వి.ఎస్. శ్రీనివాసశాస్త్రిగారి పేరు చెప్పారు.

ఈ ఎంపిక ఆలోచించదగినది. గాంధీ, శాస్త్రి 1869లో కేవలం 10 రోజుల తేడాతో పుట్టినవారు. ఇద్దరూ గోఖలేను గురువుగా భావించినవారే. గోఖలే 1915లో మరణించిన తరువాత ఆయన స్థాపించిన భారత సేవక సమాజానికి శాస్త్రిగారు అధ్యక్షులయ్యారు. గాంధీజీ అందులో చేరదలచినా, సభ్యులలో భిన్నాభిప్రాయాలు కనిపించగానే తన అభ్యర్థనను ఉపసంహరించుకొన్నారు. సహాయ నిరాకరణ ఉద్యమాన్ని శాస్త్రిగారు తప్పు అన్నారు. బ్రిటిషు ప్రభుత్వం ఆయనను ప్రీవీ కౌన్సిలర్ పదవితో గౌరవించింది. అయినా ప్రాణాపాయ స్థితిలో సాక్షిగా నిలబడడానికి గాంధీజీకి తన అనుచరుడే కావాలని అనిపించలేదు. అబద్ధమాడడని ఇరుపక్షాలూ నమ్మే మనిషి కావలసివచ్చింది.

కబురందగానే శాస్త్రిగారు ఆసుపత్రికి వెళ్ళారు. అంగీకార పత్రం సిద్ధమైంది. తాను కోరిన వైద్యులు రాలేకపోయారని, ఆలస్యం అపాయకరమని కర్నల్ మేడక్ తనకు వివరించారని, ఆయనపై తనకు పూర్తి నమ్మకం ఉన్నదని, జబ్బుపడిన నాటినుండి అధికారులు శ్రద్ధగా చూసుకొన్నారని అందులోని సారాంశం. గాంధీజీ పడుకొనే పెన్సిలుతో సంతకం చేశారు. చేయి వణుకుతుంటే, ఈ వణుకును మీరే సరిచేయాలంటూ మేడక్‌తో హాస్యమాడారు.

దేశానికి ఏమైనా సందేశం ఇస్తారా అని శాస్త్రిగారు అడిగినప్పుడు గాంధీజీ ఒప్పుకోలేదు. ఖైదీ బయటి వ్యవహారాలలో జోక్యం చేసుకోరాదన్న నియమాన్ని తాను పాటించాలని చెప్పారు. ప్రభుత్వంతో తన పోరు పోరుగానే ఉన్నదని, తన విడుదలకై ఆందోళన జరిగితే అది సక్రమమైన పద్ధతిలోనే జరగాలని అన్నారు. అనగా ఆయన వైద్యునికి ఇచ్చిన నమ్మకాన్ని ప్రభుత్వానికి ఇచ్చిన రాజీగా మారనీయలేదు. ఆ రెండింటినీ వేరుచేసి చూడగలిగారు.

శస్త్రచికిత్స మొదలైన తరువాత ఉరుములతో వచ్చిన గాలివాన వలన కరెంటు పోయిందని, చేతిదీపం కూడా ఆరిపోగా చివరకు హరికేన్ లాంతరు వెలుగులో మేడక్ పని ముగించారని గాంధీ జీవితచరిత్రకారులు వ్రాశారు. ఆపరేషను జయప్రదమైంది. అయితే గాయం దగ్గర చీము చేరడంతో కోలుకోవడం అనుకొన్నదానికంటె ఆలస్యమైంది.

ఆనాటికి ఈ జబ్బు ఎంత భయంకరమైనదో నేటి పాఠకులకు ఊహించడం కష్టం. దీనికి అపెండిసైటిస్ అనే పేరు పెట్టినది 1886లో అమెరికా వైద్యుడు రెజినాల్డ్ ఫిట్జ్. పెనిసిలిన్‌ను 1928లో కనుగొన్నారు. అది రోగులకు విరివిగా అందినది 1940లలో. అనగా మేడక్ చేతిలో కత్తి, శుభ్రత, వేగం తప్ప మరే ఆయుధమూ లేదు. గాంధీజీ ఆపరేషను జరిగిన రెండేళ్ళకు, 1926 అక్టోబరులో, ప్రపంచ ప్రఖ్యాత ఇంద్రజాలికుడు హుడినీ నొప్పిని, జ్వరాన్ని లెక్కచేయక ప్రదర్శన ఇచ్చి, ఆపై ఆసుపత్రిలో చేరాడు. అప్పటికే ఉండుకపుచ్ఛం పగిలి కడుపంతా విషం వ్యాపించింది. శస్త్రచికిత్స చేసినా ప్రాణం దక్కలేదు. ఎన్ని సంకెళ్ళనైనా విప్పుకొన్నవాడు ఆలస్యం చేతిలో చిక్కాడు.

1924 ఫిబ్రవరి 5న ప్రభుత్వం గాంధీజీని బేషరతుగా విడుదల చేసింది. ఖైదీ జబ్బు అతని విడుదలకు కారణం కారాదని ఆయన విచారం వెలిబుచ్చారు. అదే సమయంలో మహమ్మదలీకి వ్రాసిన లేఖలో, తనను ఇంతకంటె ముందుగా ఆసుపత్రికి తరలించడం సాధ్యమయ్యేది కాదని స్పష్టం చేశారు. ఆ ఒక్క మాటతో జైలు అధికారిపై, వైద్యునిపై రాగల నిందను ఆయనే తొలగించారు.

ఈ ఘటనలో మనకు పనికివచ్చే విషయం ఆ అంగీకార పత్రమే. నేడు ఆసుపత్రులలో ఆ కాగితంపై చదవకుండానే సంతకం చేసేవారు ఎక్కువ. చదివి వినిపించే తీరిక లేని వైద్యసిబ్బంది కూడా ఎక్కువే. తరువాత ఏదైనా జరిగితే ఒక పక్షం ఆ కాగితాన్ని కవచంగా చూపుతుంది. మరొక పక్షం మోసమని ఆరోపిస్తుంది. అంగీకారం అంటే సంతకం కాదు. జబ్బు ఏమిటి, చికిత్స ఏమిటి, చేయకపోతే ఏమవుతుంది, వేరే మార్గం ఉన్నదా అన్న నాలుగు విషయాలను వైద్యుడు చెప్పడం, రోగి అర్థం చేసుకోవడం, నమ్మదగిన మూడవ మనిషి వినడం. 1924లో ఆ గదిలో ఈ మూడూ జరిగాయి.

ఇక జబ్బు విషయం. మన పల్లెలలో దీనిని 24 గంటల నొప్పి అంటారు. సాధారణంగా బొడ్డు చుట్టూ మొదలై, కొన్ని గంటలలో కుడివైపు పొత్తికడుపు దిగువకు చేరుతుంది. ఆకలి పోతుంది, వికారం, వాంతి, కొద్దిపాటి జ్వరం రావచ్చు. పసిపిల్లలలో, వృద్ధులలో, గర్భిణులలో ఈ లక్షణాలు ఇంత స్పష్టంగా కనిపించకపోవచ్చు. గ్యాసు అనుకొని ఆముదం గాని, భేదిమందు గాని, ఎనిమా గాని ఇవ్వరాదు. పుచ్ఛం పగిలే ప్రమాదం పెరుగుతుంది. ఉన్నట్టుండి నొప్పి తగ్గినంత మాత్రాన జబ్బు తగ్గినట్లు కాదు. అది పగిలినందువలన కూడా అలా జరగవచ్చు. కడుపునొప్పి కొన్ని గంటలకు మించి విడవకుండా ఉంటే ఆ రోజే వైద్యునికి చూపించండి. నేడు స్కానింగు ఉన్నది, చిన్న రంధ్రాల ద్వారా చేసే ఆపరేషను ఉన్నది, ముదరని కొన్ని కేసులలో యాంటీబయాటిక్ మందులతోనే నయంచేసే అవకాశమూ ఉన్నది. అయితే వీటిలో ఏది కావాలో నిర్ణయించడానికి రోగి సకాలంలో ఆసుపత్రికి చేరాలి.

జీవితమంతా ఆసుపత్రులను అనుమానించిన గాంధీజీ, సమయం వచ్చినప్పుడు వైద్యుడు చెప్పినది విని, అర్థం చేసుకొని, కొద్దిగంటలలోనే నిర్ణయం తీసుకొన్నారు. తరువాత ఆయన 24 సంవత్సరాలు జీవించారు. ఉప్పు సత్యాగ్రహం, క్విట్ ఇండియా ఉద్యమం ఆ సంవత్సరాలలోనివే.